చెవిమిషన్ కొనే ముందు.. నాన్న రోజు ఎలా గడుస్తుందో రాశా!

మా నాన్న ఫోన్ ఎత్తడం మానేశారు. ఎందుకంటే "పనిలో ఉన్నా" అనేవారు. అసలు సంగతేంటంటే, అవతలివాళ్ల మాట వినపడక మాటిమాటికీ "ఆఁ? ఏందీ?" అని అడగడం ఆయనకు నామోషీ. మాది మాచర్ల. నాపరాయి పాలిష్ మిషన్ల రొదలో ఏళ్ల తరబడి పనిచేసిన చెవులవి.

చెవిమిషన్ కొందామంటే ఒకటే షరతు పెట్టారు: "ఎవరికీ కనపడకూడదు." సరేనని చెవి లోపలికి దూరిపోయే బుల్లిది తీసుకున్నాం. నెల తిరిగేసరికి అది బీరువా ఎక్కింది. దాని చిట్టి బ్యాటరీ ఆయన మొద్దుబారిన వేళ్లకు చిక్కేది కాదు. గులిమి, దుమ్ము పట్టి సౌండ్ మూసుకుపోయేది. డబ్బు పోయినందుకు కాదు, "నాకిక ఇంతేలే" అన్న ఆయన మాటకే నాకు ఏడుపొచ్చింది.

రెండోసారి నరసరావుపేటలో ఓ ఆడియాలజిస్ట్‌ దగ్గరికెళ్లాం. ఆవిడ ముందు వినికిడి పరీక్ష చేసి గ్రాఫ్ తీశారు. తర్వాత మోడళ్లు చూపించకుండా, "పొద్దున లేచింది మొదలు నాన్నగారు ఏమేం చేస్తారో రాయండి" అన్నారు. రాస్తుంటే ఏది కావాలో దానంతటదే తేలిపోయింది.

వేళ్లు: చెవి వెనక పెట్టుకునే రకం పట్టుకోవడానికి తేలిక. వినికిడి బాగా తగ్గినవాళ్లకు సరిపడే పవర్ కూడా ఉంటుంది.

బ్యాటరీ: రోజూ ఛార్జింగ్ పెట్టే అలవాటుంటే రీఛార్జబుల్ మంచిదే. నాన్నకు ఆ అలవాటు లేదు. అందుకే నారింజ రంగు స్టిక్కరుండే 13 నంబర్ బ్యాటరీది తీసుకున్నాం. స్టిక్కర్ పీకి గాలి తగలగానే అది పని మొదలుపెడుతుంది. మళ్లీ అంటించినా ఆగదు, కాబట్టి ముందే పీకొద్దు.

ఫోన్: క్లాసులు, ఆఫీస్ కాల్స్ ఉండే మన వయసువాళ్లకు బ్లూటూత్ కావాలి. నాన్నది బటన్ ఫోన్, ఆయనకది దండగ. ఫోన్‌ను చెవి రంధ్రానికి కాకుండా మిషన్ మైక్ ఉండే చెవి పైభాగానికి ఆనించాలని ఆవిడ నేర్పించారు.

పనిచోటు: 85 డెసిబెల్స్ రొదలో రోజుకు 8 గంటలుంటే చెవికి ముప్పే. అక్కడ మిషన్ తీసేసి ఇయర్‌మఫ్స్ పెట్టుకోవాల్సిందే.

ఆన్‌లైన్లో చవగ్గా దొరికే యాంప్లిఫయర్లు చూసి టెంప్ట్ అవ్వకండి. అవి మాటనీ రొదనీ కలిపి పెంచేస్తాయి. చెవిమిషన్‌ను మాత్రం మీ గ్రాఫ్ ప్రకారం సెట్ చేస్తారు. కొనేముందు ట్రయల్ అడగండి. ఖర్చు భారమైతే, 60 ఏళ్లు దాటిన పేద పెద్దలకు రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్యాంపుల్లో ఉచితంగా ఇస్తారు. 2017లో ఆ పథకం మొదలైంది మన నెల్లూరులోనే.

కనపడకూడదన్న నాన్నే ఇప్పుడు టీకొట్టు దగ్గర ఎవరైనా అడిగితే తీసి మరీ చూపిస్తున్నారు. మొన్న హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, పాత అలవాటు కొద్దీ గట్టిగా "నాన్నా!" అన్నా.

"ఎందుకురా అట్లా అరుస్తన్నావు? వినపడతందిలే!"