గుంజీ తీస్తుంటే కోచ్ ఎక్కడ చూస్తారు?

జిమ్‌లో చేరిన రోజే బరువులు ఎత్తించే కోచ్ కంటే, ముందు ఖాళీ చేతులతో నాలుగైదు గుంజీలు తీయించి చూసే కోచ్ నయం.

ఎదురుగా నిలబడితే మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా అన్నది తెలుస్తుంది. పక్క నుంచి చూస్తే వీపు గూనిగా వంగడం, మడమలు లేవడం కనబడతాయి. మడమలు లేస్తే వాటి కింద చిన్న చెక్క పెట్టి మళ్లీ చేయిస్తారు. అప్పుడు సాఫీగా కూర్చోగలిగితే చీలమండ బిగుసుకుందేమోనని అనుమానించాలి. మోకాలిని తిట్టి లాభం లేదు.

వదులు కుర్తా, అబాయా వేసుకున్నవాళ్లకు మోకాలు సరిగా కనబడదు. అప్పుడు పాదాలే ఆధారం: పాదం లోపలి అంచు నేలకు అణిగిపోతుంటే మోకాలు కూడా చాలావరకు అటే వాలుతుంది. లేడీస్ బ్యాచ్‌లో మహిళా ట్రైనరే ఉంటే ఈ తిప్పలు తక్కువ.

ఒక్కసారి తప్పు వస్తే కంగారు వద్దు, ప్రతిసారీ అదే వస్తేనే లెక్క. నొప్పి ఉందంటే మాత్రం అది కంటిచూపుతో తేలే పని కాదు, డాక్టర్ దగ్గరికి పంపాల్సిందే.