చదువున వెనుకబడిన బాలుడు: ఉపాధ్యాయుని నేర్పు, పంచాయతీ పూనిక

పుష్యమాసము గడచి మాఘము ప్రవేశించుసరికి పొన్నూరు చుట్టుపట్ల మాగాణి పల్లెలలో వరి నూర్పిళ్లు ముగిసి, పొలములలో మినుము కాపునకు వచ్చియుండును. పడమట గుంటూరు మెట్ట భూములలో అదే సమయమున మిరపకోతలు ముమ్మరముగా సాగును. ప్రత్తి తీతలు చివరి దశలో నుండును. కూలి కుటుంబములవారు అన్నపు క్యారేజీలతో తెల్లవారకముందే ఆటోలలో బయలుదేరుదురు. ఇంటిలో పదేండ్ల ఆడపిల్ల చంటిబిడ్డను చూచుకొనుటకు నిలిచిపోవును. ఆమె అన్న తల్లి వెంట పోయి కల్లములో తాలుకాయలు ఏరును. పదునైదు దినముల తరువాత ఇద్దరును బడికి వత్తురు. అప్పటికి పాఠములు చాల దూరము సాగిపోయియుండును. వారు వెనుక వరుసకు చేరుదురు. అడిగిన ప్రశ్నకు తల వంచుకొందురు. మరుసటి యేడు కోతలకు పోయినప్పుడు వారిని తిరిగి పిలుచుకొని వచ్చుట కష్టమగును.

గ్రామములో బడి మానివేసిన ఏ పిల్లవాని సంగతి తరచి చూచినను, అతడు బడి మానుటకు చాల ముందే, బడిలో కూర్చుండియే చదువు మానివేసినట్లు తెలియవచ్చును. కావున హాజరు పట్టికలో పేరున్నదా లేదా యనునదొక్కటే పంచాయతీ సభ్యులు విచారింపదగిన విషయము కాదు. ఆ పిల్లవానికి పాఠము అందుచున్నదా యనునది అంతకంటె ముఖ్యము.

ఇది ఏ ఒక్క గ్రామపు సమస్యయు కాదు. ప్రథమ్ సంస్థ ఆధ్వర్యమున జరుగు అసర్ సర్వేలో మన దేశపు గ్రామీణ బాలబాలికలను ఇంటింటికి పోయి చదివించి చూతురు. ఐదవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలిగినవారు 2018 లో నూటికి 50 మంది. కరోనా వలన బడులు మూతబడిన పిమ్మట, 2022 లో, వారి సంఖ్య 43 కు తగ్గెను. 2024 లో తిరిగి 49 కి చేరెను. అనగా ఐదవ తరగతిలో సగముమంది తమ చేతనున్న పుస్తకమును చదువలేకున్నారన్నమాట. సగముమంది పిల్లలు పుట్టుకతోనే మందబుద్ధులని తలచుట విజ్ఞత కాదు. ‘వీనికి చదువు రాదు’ అని మనము తేలికగా అనుచుందుము. ఆ మాట ఇంటివారు అనినను, ఊరివారు అనినను, బడిలో అనినను పిల్లవాని చెవిని పడుచునే యుండును. కొంతకాలమునకు వాడును దానిని నమ్మును.

మంచి ఉపాధ్యాయుడు మొదట చేయు పని ఆ మాటను నమ్మకుండుట. రెండవది, పిల్లవాడు ఎచ్చట ఆగిపోయెనో కనుగొనుట. ఇది వినుటకు సులభముగా తోచును గాని, ఓర్పుతో గూడిన పని.

చదువును తీసికొందము. వెనుకబడిన పిల్లవాడు పాఠము నప్పగించుమనిన తరచు గడగడ అప్పగించును. తోటివారు చదువుచుండగా విని కంఠస్థము చేసినది అది. పుట మధ్యనున్న ఒక మాటను వ్రేలితో చూపి ‘ఇదేమి?’ అని అడిగిన యెడల సంగతి బయటపడును. మన తెలుగు లిపిలో అక్షరములు నేర్చుట ఒక మెట్టు, గుణింతములు రెండవ మెట్టు, ఒత్తులు మూడవ మెట్టు. ‘అమ్మ’, ‘అన్న’ యను మాటలను పిల్లవాడు బొమ్మను గుర్తించినట్లు గుర్తించును. ‘గుర్రము’, ‘పళ్ళెము’, ‘మార్గము’ వచ్చుసరికి ఆగిపోవును. అతనికి లోపించినది తెలివి కాదు, ఒత్తులు మాత్రమే. నెల దినములు దినమునకు కొంతసేపు ఒత్తులను మాటలలో చూపి, పలికించి, పలకపై వ్రాయించిన ఆ ముడి విడిపోవును. ఆ సంగతి కనుగొనక ఐదవ తరగతి పద్యమును పదిసారులు చదివించినను ఫలము లేదు.

లెక్కలలోను ఇంతే. 52 లో నుండి 27 తీసివేయుమనిన ఒక బాలుడు 35 అని వ్రాసెననుకొందము. తప్పు అని కొట్టివేయుటకు అరక్షణము చాలును. నేర్పరియగు ఉపాధ్యాయుడు మాత్రము ‘ఎట్లు చేసితివో చెప్పుము’ అని అడుగును. ‘ఏడులో నుండి రెండు పోగా అయిదు, అయిదులో నుండి రెండు పోగా మూడు’ అని బాలుడు చెప్పును. పెద్ద అంకెలో నుండి చిన్న అంకెను తీయవలయునని అతడు నేర్చుకొన్నాడు. అది పైన నున్నదా క్రింద నున్నదా యని చూడలేదు. అప్పుడు పదేసి చీపురుపుల్లల కట్టలు అయిదును, విడి పుల్లలు రెండును అతని చేతికిచ్చి, 27 పుల్లలు ఇమ్మనవలయును. ఏడు విడి పుల్లలు కావలసివచ్చినప్పుడు ఆ బాలుడే ఒక కట్ట విప్పును. ‘అప్పు తెచ్చుకొనుట’ అనగా నేమో అతడు ఇక మరువడు.

ఇట్టి పిల్లలు బడి వెలుపల లెక్క రానివారని భావింపరాదు. కలకత్తా, ఢిల్లీ నగరముల బజారులలో సరకులమ్ము పిల్లలను గూర్చి అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో మున్నగు ఆర్థికవేత్తలు జరిపిన పరిశోధన 2025 లో వెలువడినది. బేరములో చిక్కు లెక్కలను నోటితో సరిగా చేసిన పిల్లలే, అట్టి లెక్కలను కాగితముపై బడి పద్ధతిలో చేయలేకపోయిరి. మన కల్లములలో బస్తాల లెక్క, కూలి లెక్క చెప్పగల పిల్లవాడు బడిలో సున్న తెచ్చుకొనుటలోని రహస్యమును ఇదే తెలుపుచున్నది. ఆ బస్తాల లెక్కతోనే గుణకారము మొదలిడిన ఉపాధ్యాయునికి సగము శ్రమ తప్పును.

పిల్లవాడు ఉన్నచోటికి ఉపాధ్యాయుడే పోవలయునను ఈ సూత్రమునకు మన తెలుగువారిలో గొప్ప ఉదాహరణము గిడుగు వేంకట రామమూర్తిగారు. నాటి గంజాం జిల్లాలో నుండి నేడు ఒడిశాలో చేరియున్న పర్లాకిమిడిలో వారు ఉపాధ్యాయులు. ఆ ప్రాంతపు కొండలలోని సవరలకు చదువు చెప్పదలచి, తెలుగు తెలిసిన ఒక సవరను ఇంట నుంచుకొని వారి భాషను నేర్చిరి. ఆ భాషలో వాచకములు వ్రాసి, స్వంత సొమ్ముతో వారికి బడులు నడపిరి. సవరలు తెలుగు నేర్చుకొని వచ్చువరకు వారు వేచియుండలేదు. పాఠములు వాడుక భాషలో నుండవలయునని జీవితాంతము పోరాడిన ఆ మహనీయుడు ఈ వ్యాసపు గ్రాంథికమును చూచినచో తప్పక మందలించియుండెడివారు! మన పల్నాటి తండాల నుండి, పరజిల్లాల నుండి కోతల పనులకై వచ్చు కుటుంబముల పిల్లలలో ఇంట లంబాడీ మాటలాడువారు కలరు. వారి భాషలో నాలుగు మాటలు నేర్చుకొని పలుకరించిన ఉపాధ్యాయునితో ఆ పిల్లలు ఎంత త్వరగా చేరువయగుదురో చూచినవారికి తెలియును.

ఇక కోతల కాలపు గైరుహాజరు విషయము. మదనపల్లె సమీపమున జిడ్డు కృష్ణమూర్తిగారు నెలకొల్పిన రిషీ వ్యాలీ విద్యాసంస్థవారు చుట్టునున్న పల్లెలలో చిన్న బడులు నడపుచు ఒక పద్ధతిని రూపొందించిరి. ఒకే ఉపాధ్యాయుడు, పలు తరగతుల పిల్లలు. పుస్తకములోని పాఠములను చిన్న చిన్న అట్టలుగా విడగొట్టి, నిచ్చెన మెట్లవలె వరుస నేర్పరచిరి. ప్రతి పిల్లవాడు తన మెట్టును తానే గుర్తించి, ఆ అట్టను తీసికొని పని చేయును. పదునైదు దినములు బడికి రాలేకపోయిన పిల్లవాడు తిరిగి వచ్చి తాను విడిచిన మెట్టు నుండియే మొదలిడును. తరగతి తనను విడిచి ముందుకు పోయినదను దిగులు అతనికి లేదు. ఈ పద్ధతిని గ్రహించి కర్ణాటకమున మైసూరు జిల్లాలో 1995 లో ‘నలి కలి’ యను పేరుతో బోధన ప్రారంభించిరి. 2003 లో చెన్నై నగరపాలక పాఠశాలలలోను, తరువాత తమిళనాడు అంతటను ఇట్టి బోధన వ్యాపించెను. మన రాయలసీమ పల్లెలో పుట్టిన పద్ధతి పొరుగు రాష్ట్రములలో అంతగా వ్యాపించుట గమనింపదగినది.

వయసు మీరిన పిల్లలది వేరొక చిక్కు. పన్నెండేండ్ల వానిని అక్షరములు రావని ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టిన, సిగ్గుతో రెండవ నాడే పారిపోవును. రంగారెడ్డి జిల్లాలో 1991 నుండి బాలకార్మికుల కొరకు పాటుపడిన ఎం. వెంకటరంగయ్య ఫౌండేషన్ వారు ఇందుకు శిబిరములు నడపిరి. అట్టి పిల్లలను కొన్ని నెలలు ప్రత్యేకముగా చదివించి, వయసుకు తగిన తరగతిలోనే చేర్చిరి. ఈ కృషికి నాయకత్వము వహించిన శాంతా సిన్హాగారికి 2003 లో మెగసేసే బహుమానము లభించెను. 2009 నాటి విద్యాహక్కు చట్టము కూడ పెద్ద పిల్లలను వయసుకు తగిన తరగతిలో చేర్చవలయుననియు, వారికి ప్రత్యేక శిక్షణ పొందు హక్కు కలదనియు చెప్పుచున్నది. పిల్లలను కొట్టుటను, మానసికముగా వేధించుటను ఆ చట్టమే నిషేధించినది. కొట్టిన చదువు వచ్చునని ఇంకను తలచు తల్లిదండ్రులకు సభ్యులు ఈ సంగతి తెలుపవలయును.

సిగ్గును పోగొట్టుటయే ఇందులో కఠినమైన భాగము. వెనుకబడిన పిల్లవానిని అందరి యెదుట లేపి చదివించిన వాడు మరింత ముడుచుకొనును. ప్రక్కకు పిలిచి ఒంటరిగా చదివించుకొని, తప్పక చేయగలిగిన చిన్న పని నొకటి యిచ్చి, చేసినది వెంటనే చూచి మెచ్చుకొనవలయును. నిన్నటి కంటె నేడు రెండు మాటలు ఎక్కువ చదివితివని చెప్పవలయునే గాని, ఫలానావాడు నీకంటె బాగుగా చదివెనని చెప్పరాదు. కొన్నిసారులు కారణము మరి సామాన్యమైనది. పిల్లవానికి నల్లబల్ల కనబడదు, లేదా చెవి సరిగా వినబడదు. ఆరోగ్య కార్యకర్తచే కన్ను, చెవి పరీక్ష చేయింపక ఏ పిల్లవానిని మొద్దు అనరాదు.

ఇంతవరకు చెప్పినది ఉపాధ్యాయుని పని. దీనికి కావలసినది పెద్ద సొమ్ము కాదు, కాలము. ముంబాయి, వడోదర నగరములలో 2001 మొదలు కొన్నియేండ్లు పరీక్షించిన ‘బాలసఖి’ పద్ధతిలో వెనుకబడిన పిల్లలను దినమునకు రెండు గంటలు వేరుగా కూర్చుండబెట్టి ప్రాథమిక విషయములు నేర్పిరి. వారు చదువున ముందంజ వేసిరి. హర్యానాలో ప్రభుత్వోపాధ్యాయులే దినమునకొక గంట, తరగతులను ప్రక్కనుంచి పిల్లలను వారివారి స్థాయినిబట్టి కూర్చి చదివింపగా చదువు మెరుగుపడెను. శిక్షణ మాత్రమిచ్చి, ప్రత్యేకముగా వేళ కేటాయింపని చోట్ల అట్టి ఫలితము కనబడలేదు.

మన రాష్ట్రమునకు సంబంధించిన ఒక పరిశోధన సభ్యులు తప్పక తెలిసికొనదగినది. 2005–06 లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనువారు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 100 బడులలో పిల్లలను పరీక్షించి, ఎవరికేమి రాదో వివరముగా వ్రాసి ఉపాధ్యాయులకు అందజేసిరి. తనిఖీకి వచ్చినవారి యెదుట ఉపాధ్యాయులు ఎక్కువ శ్రద్ధ చూపిరి గాని, పిల్లల మార్కులు పెరుగలేదు. కావున మార్కుల పట్టికలు తెప్పించుకొని హెడ్మాస్టరును ప్రశ్నించుటతో మన బాధ్యత తీరినదని తలచుట పొరపాటు.

మరి పంచాయతీ చేయవలసినదేమి? ఉపాధ్యాయుని వేళను కాపాడుట మొదటిది. జనాభా లెక్కలు, ఎన్నికలు, ఉపద్రవ సహాయము తప్ప ఇతర పనులకు ఉపాధ్యాయులను వినియోగింపరాదని విద్యాహక్కు చట్టము స్పష్టముగా చెప్పుచున్నది. గ్రామసభకు జనమును పోగుచేయుటకో, మరేదో పట్టిక పూర్తి చేయుటకో బడి వేళ ఉపాధ్యాయుని పిలిపించినచో, నష్టపోవునది వెనుక వరుసలోని పిల్లవాడే. ముందు వరుసవాడు ఎట్లయినను నేర్చుకొనును. ఆ చట్టము ప్రకారము పాఠశాల యాజమాన్య సంఘములో మూడు పాళ్లు తల్లిదండ్రులు, నాల్గవ పాలులో స్థానిక సంస్థల సభ్యులు, ఉపాధ్యాయులు ఉందురు. మొత్తముమీద సగముమంది స్త్రీలుండవలయును. మీలో ఆ సంఘమున నున్నవారు, దినమునకొక గంట స్థాయినిబట్టి బోధించుటకు ఏర్పాటు చేయుడని కోరవచ్చును.

హాజరును గూర్చి వేసవిలో అడుగుట కంటె పుష్యమాఘములలో అడుగుట మేలు. ఏ యింటి పిల్లలు కోతలకు పోవుచున్నారో వార్డు సభ్యునికి తెలియనిది కాదు. చంటిబిడ్డను అంగన్వాడీలో చేర్పించిన యెడల ఆమె అక్క బడికి రాగలదు. ఈ ఒక్క పని చేసిపెట్టుటకు మీరు పోయి ఆ తల్లితో మాటలాడవలయును. ‘పిల్లను బడికి పంపుము’ అని చెప్పి వచ్చుట సులభము, చంటిబిడ్డకు చోటు చూపుట కష్టము, రెండవదే ఫలించునది.

ఈ ప్రాంతమునకు పెద్దలకు చదువు చెప్పిన చరిత్ర కూడ కలదు. నేడు పొన్నూరు పురపాలక సంఘములో చేరియున్న నిడుబ్రోలులోనే ఆచార్య ఎన్. జి. రంగాగారు 1930 దశకమున రైతు కార్యకర్తలకై విద్యాలయము నడపిరి. నాగలి పట్టిన చేతులు పలక పట్టుటకు నాడు సిగ్గుపడలేదు. నేటి పల్లెలలో ఇంటర్మీడియెటు, డిగ్రీ చదివిన యువతీయువకులు కలరు. కోతలనుండి తిరిగివచ్చిన పిల్లలను సాయంకాలము ఒక గంట కూర్చుండబెట్టి, ఉపాధ్యాయుడు చెప్పిన మెట్టునుండి చదివించుటకు ప్రతి వార్డులో ఇరువురు దొరకకపోరు. పంచాయతీ కార్యాలయము సాయంకాలము ఐదు గంటల తరువాత తాళము వేసియుండును. దాని తాళపుచెవి, రెండు చాపలు, ఒక దీపము, ఒక నల్లబల్ల ఇచ్చుటకు కావలసిన తీర్మానము మాఘమాసపు సమావేశములో పది నిమిషములలో ముగియును.