మీటరుకు మాటొచ్చిన వైనం

2005 డిసెంబర్ 11, ఆదివారం తెల్లవారుజాము. లండన్‌కు ఉత్తరాన ఉన్న బన్స్‌ఫీల్డ్ ఆయిల్ డిపోలో 912 నంబరు ట్యాంకు పెట్రోలుతో నిండుతోంది. మూడు గంటల వేళ మట్టం చూపించే గేజి ఇరుక్కుపోయింది. పెట్రోలు వస్తూనే ఉంది, కంట్రోల్ రూములో అంకె మాత్రం ఉన్నచోటే ఉంది. మట్టం మరీ పెరిగితే పంపింగ్ ఆపేయాల్సిన విడి స్విచ్ కూడా పనిచేయలేదు. అయిదున్నర దాటాక ట్యాంకు పొర్లింది. ఆరు దాటగానే ఆవిరి మేఘం అంటుకుని పేలింది. 43 మంది గాయపడ్డారు. ఆదివారం కావడం వల్ల ప్రాణాలు పోలేదు. తర్వాత దర్యాప్తులో ఇంకో సంగతి బయటపడింది. అదే గేజి ఆగస్టు చివరి నుంచి ఆ రోజుదాకా 14 సార్లు ఇరుక్కుంది. ఒకోసారి సిబ్బందే సరిచేసుకున్నారు, ఒకోసారి కాంట్రాక్టు మనుషుల్ని పిలిపించారు. అది మాటిమాటికీ ఎందుకు ఇరుక్కుంటోందో మాత్రం ఎవరూ తేల్చలేదు.

మీటరు చెడితే అంకె మాయమైపోతుందని అనుకుంటాం. చాలాసార్లు అలా జరగదు. అంకె నిక్షేపంగా కనిపిస్తూనే ఉంటుంది, అది నిజం కాదు, అంతే. ప్లాంటులో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆరోగ్యంగా కనిపించే అబద్ధపు అంకె. దాన్ని పట్టుకోవడానికి ఇంజినీర్లకు డెబ్భై, ఎనభై ఏళ్లు పట్టింది. కొలత చెప్పే పరికరమే ‘ఇప్పుడు నా మాట నమ్మొద్దు’ అని కూడా చెప్పగలగడం అనే ఆ ఆవిష్కరణ కథే ఇది.

ఈ కథ న్యాల్‌కల్ వాళ్లకు ముందు చెప్పాలనిపించడానికి కారణముంది. సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ దగ్గర న్యాల్‌కల్, ఝరాసంగం మండలాల్లోని 17 గ్రామాల పరిధిలో 12,635 ఎకరాల్లో నిమ్జ్, అంటే జాతీయ పెట్టుబడుల, తయారీ మండలి, తలపెట్టారు. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పన్నెండు పారిశ్రామిక నగరాల్లో జహీరాబాద్ పేరు ఉంది. అల్లం, చెరకు, పత్తి, కంది పండిన నేల మీద బాయిలర్లు, కంప్రెసర్లు, ట్యాంకులు రాబోతున్నాయి. పాత ప్లాంటులో పరికరాలు మార్చాలంటే తలప్రాణం తోకకొస్తుంది. ఇంకా గోడలు లేవని చోట ఆ పని మొదటి డ్రాయింగులోనే చేసుకోవచ్చు.

మొదట్లో ప్లాంటు సమాచారమంతా గాలిలోనే నడిచేది. 1930ల నుంచి పీడనం, మట్టం, ఉష్ణోగ్రత, ప్రవాహం ఏది కొలిచినా దాన్ని సన్నని గొట్టంలో గాలి పీడనంగా మార్చి పంపేవారు. 3 పీఎస్‌ఐ అంటే సున్నా, 15 పీఎస్‌ఐ అంటే నిండు. సున్నాకు కూడా 3 ఎందుకు? గొట్టం తెగితే పీడనం నిజంగానే సున్నాకు పడిపోతుంది. అప్పుడు ట్యాంకు ఖాళీ అయిందా, గొట్టం తెగిందా అన్న సందేహం ఉండదు. తర్వాత గాలి స్థానంలో కరెంటు వచ్చినా ఈ తెలివిని వదులుకోలేదు. 4 మిల్లీ ఆంపియర్లు సున్నా, 20 నిండు. వైరు తెగితే కరెంటు 4 కన్నా కిందికి పోతుంది. పరికరం తన లోపం తాను చెప్పుకున్న మొదటి మాట ఇదే, దానికి కంప్యూటర్ అక్కర్లేకపోయింది. తర్వాత జర్మనీ పరిశ్రమల సంఘం నామూర్ దీన్ని ఇంకాస్త చెక్కి, 3.6 కన్నా తక్కువైనా, 21 కన్నా ఎక్కువైనా అది కొలత కాదు, లోపమని ఒప్పందం రాసింది.

అయితే ఆ వైరు మీద ఒక్క అంకె మాత్రమే నడిచేది. కొలత పంపే పరికరమైన ట్రాన్స్‌మిటర్‌కు ఇంకేదైనా చెప్పాలని ఉన్నా దారి లేదు.

1983లో హనీవెల్ సంస్థ మైక్రోప్రాసెసర్ ఉన్న ఎస్‌టీ 3000 ప్రెషర్ ట్రాన్స్‌మిటర్ తెచ్చింది. ఆ తర్వాత కొద్ది ఏళ్లకే అమెరికాలోని రోజ్‌మౌంట్ సంస్థ ఇంకా అందమైన ఉపాయం కనిపెట్టింది. దాని పేరు హార్ట్. టెలిఫోన్ తీగల మీద కంప్యూటర్లు మాట్లాడుకునే బెల్ 202 పద్ధతిని తీసుకుని, అవే రెండు వైర్ల మీద నడుస్తున్న కరెంటుకు అర మిల్లీ ఆంపియర్ అటూ ఇటూ ఊగే చిన్న అలను జోడించారు. సెకనుకు 1200 సార్లు ఊగితే ఒకటి, 2200 సార్లు ఊగితే సున్నా. అల ఎంత పైకి లేస్తే అంతే కిందికి దిగుతుంది, కాబట్టి సగటు మారదు. అసలు కొలత చెక్కుచెదరదు. కొత్త కేబుల్ లాగక్కర్లేదు, పాత కంట్రోలర్ పీకక్కర్లేదు. పాతదాన్ని పారేయమనని ఆవిష్కరణే ఫ్యాక్టరీలో బతుకుతుంది, హార్ట్ ఇన్నేళ్లు నిలిచింది అందుకే. రోజ్‌మౌంట్ దాన్ని తన దగ్గరే దాచుకోకుండా అందరికీ తెరిచింది. 1993లో ఆ బాధ్యత ఒక ఫౌండేషన్ చేతికి వెళ్లింది. వైర్లు లేని హార్ట్ 2007లో వచ్చింది.

మాట రాగానే పరికరాలన్నీ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టాయి. ఒక్కో కంపెనీది ఒక్కో భాష, వందల లోపాల కోడ్‌లు. ఆపరేటర్‌కు తల తిరిగిపోయింది. నామూర్ సంఘమే మళ్లీ పూనుకుని, 2006లో ఎన్‌ఈ 107 సిఫారసుతో ఆ గోలనంతా నాలుగు స్థితులకు కుదించింది. ఎర్రది ‘పాడైంది’. నారింజ ‘పరీక్షలో ఉంది, ఇప్పటి అంకె లెక్కలోకి తీసుకోవద్దు’. పసుపు ‘పరిధి దాటి పనిచేస్తోంది, అంకె మీద అనుమానం పెట్టుకో’. నీలం ‘అంకె సరైనదే, కానీ త్వరలో నా సంగతి చూడండి’. నా దృష్టిలో ఈ మొత్తం కథలో బంగారం లాంటిది ఆ నీలం గుర్తే. ఎర్రది ఎలాగూ అందరికీ తెలుస్తుంది. నీలం మాత్రం బ్రేక్‌డౌన్‌కు ముందు చేతికి కొన్ని రోజుల టైమిస్తుంది.

నీలం గుర్తు ఎలా పుడుతుందో ఒక బాయిలర్ దగ్గర నిలబడి చూద్దాం. డ్రమ్‌లో నీటి మట్టం కొలిచే ట్రాన్స్‌మిటర్ డ్రమ్‌కు దూరంగా ఉంటుంది. రెండు సన్నని గొట్టాలు, ఇంపల్స్ లైన్లు, డ్రమ్‌లోని పీడనాల తేడాను దాని దాకా తెస్తాయి. వాటిలో తుప్పో, మడ్డో పేరుకుని పూడుకుపోతే లోపల బిగిసిన పీడనం అలాగే నిలిచిపోతుంది. కంట్రోల్ రూములో చక్కటి నిలకడైన మట్టం కనిపిస్తుంది. నిజంగా మట్టం పడిపోతే ట్యూబులు కాలిపోతాయి, పెరిగితే నీళ్లు ఆవిరితో కలిసి టర్బైన్‌లోకి పోతాయి. దీన్ని పట్టే కిటుకు ఒకటుంది. బతికున్న ప్రాసెస్ ఎప్పుడూ కాస్త వణుకుతుంది. మరిగే నీరు, పంపు కొట్టే దెబ్బ, వాల్వ్ కదలిక, అన్నీ కలిసి పీడనంలో చిన్న గుసగుస పుట్టిస్తాయి. పాతకాలపు ట్రాన్స్‌మిటర్ దాన్ని చెత్త కింద వడకట్టేసేది. ఇప్పటి ట్రాన్స్‌మిటర్ సెకనుకు ఇరవైసార్లకు పైగా కొలిచి, ఆ వణుకు మామూలుగా ఎంత ఉంటుందో నేర్చుకుంటుంది. సగటు మారకుండా వణుకు మాత్రం తగ్గిపోతే గొట్టం పూడుకుపోతోందని కబురు పంపుతుంది. నాడి చూసే వైద్యుడి పని ఇదే. బన్స్‌ఫీల్డ్ గేజి కూడా ఆ ఉదయం ఇదే లక్షణం చూపించింది. నిండుతున్న ట్యాంకులో మట్టం కదలకపోవడమే రోగం. దాన్ని రోగమని పిలిచే వాళ్లు లేకపోయారు.

వాల్వ్ కథ కూడా అంతే. 1979 మార్చి 28న అమెరికాలోని త్రీ మైల్ ఐలండ్ అణు కేంద్రంలో ఒక రిలీఫ్ వాల్వ్ తెరుచుకుని మళ్లీ మూసుకోలేదు. ప్యానెల్ మీద లైటు ఆరిపోయింది, ఆపరేటర్లు వాల్వ్ మూసుకుందనుకున్నారు. ఆ లైటుకు తెలిసింది మూసుకోమన్న ఆజ్ఞ వెళ్లిందని మాత్రమే. వాల్వ్ ఎక్కడుందో దానికి తెలియదు. 1990ల నుంచి వస్తున్న, వాల్వ్‌ను కదిలించే డిజిటల్ పొజిషనర్ ఆ లోటు పూడుస్తోంది. వాల్వ్ కాడ ఎంత కదిలింది, అంత కదలడానికి ఎంత గాలి పీడనం పట్టింది అన్నవి రెండూ రాసుకుంటుంది. వాల్వ్ కొత్తగా ఉన్నప్పటి గ్రాఫు దాచిపెట్టి, ఏడాది తర్వాతి గ్రాఫును దానిమీద పెడితే కాడ చుట్టూ ఉండే గ్లాండ్ ప్యాకింగ్ బిగుసుకుందా, స్ప్రింగు దెబ్బతిందా అన్నది వాల్వ్ విప్పకుండానే తెలుస్తుంది. ఎమర్జెన్సీలో మూసుకోవాల్సిన వాల్వ్‌లు ఏళ్ల తరబడి తెరిచే ఉంటాయి, అవసరం పడేసరికి కదులుతాయో లేదో. పొజిషనర్ వాటిని ప్లాంటు ఆపకుండానే ఓ పది శాతం కదిలించి, మళ్లీ వెనక్కి తెచ్చి, ఆ కదలికను రికార్డు చేస్తుంది.

విప్పకుండా చూడటం ఎందుకంత ముఖ్యం? మన ఫ్యాక్టరీల్లో ఏటా షట్‌డౌన్ రాగానే అన్నీ విప్పి, తుడిచి, బిగించడం శ్రద్ధకు గుర్తు. 1978లో నోలన్, హీప్ అనే యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజినీర్లు ఈ నమ్మకాన్ని లెక్కలతో కుదిపేశారు. వాళ్లు పరిశీలించిన విమాన భాగాల్లో వయసుతో పాటు అరుగుదల పెరిగేవి 11 శాతమే. మిగతా 89 శాతానికి గడువు పెట్టి విప్పడం వల్ల లాభం లేదు. పైగా చాలా భాగాలు కొత్తగా బిగించిన తొలినాళ్లలోనే ఎక్కువగా చెడుతున్నాయి. అంటే బాగున్నదాన్ని విప్పడమే ఒక్కోసారి జబ్బు తెచ్చిపెడుతోంది. ఫ్యాక్టరీ విమానం కాదు, నిజమే. కానీ వందల ట్రాన్స్‌మిటర్లను వరుసబెట్టి కాలిబ్రేషన్‌కు దించే బదులు, నీలం గుర్తు చూపించినవాటి దగ్గరికి ముందు వెళ్తే అదే ఫిట్టరు అదే జీతానికి రెట్టింపు మేలు చేస్తాడు.

చెరకు పండించే జహీరాబాద్ ప్రాంతానికి దీన్ని చక్కెర మిల్లు భాషలో చెప్పొచ్చు. చెరకు నరికిన క్షణం నుంచే బరువు, చక్కెర రెండూ తగ్గుతుంటాయి, ఒక రోజులోపు గానుగాడితే మేలు. మిల్లు ట్రిప్పయితే గేటు బయట ట్రాక్టర్ల వరుస నిలబడిపోతుంది, నష్టం ముందు రైతు చెరకులో మొదలవుతుంది. మిల్లు ఆగకుండా కూడా నష్టం జరగొచ్చు. రసానికి సున్నం కలిపే చోట పీహెచ్ ఏడు దగ్గర నిలబెట్టాలి. తగ్గితే వేడికి చక్కెర విరిగిపోతుంది, పెరిగితే రంగు చెడుతుంది. ఆ పీహెచ్ ప్రోబ్ గాజు కొన మీద రోజూ పొర కడుతుంది. కొత్త ప్రోబ్ 25 డిగ్రీల దగ్గర ఒక్కో పీహెచ్‌కు సుమారు 59 మిల్లీవోల్టులు ఇస్తుంది, ముసలిదయ్యే కొద్దీ అది పడిపోతుంది. డిజిటల్ ప్రోబ్ ఆ వాలును తనలోనే గుర్తుపెట్టుకుని చెబుతుంది. సీజను నడిమధ్యలో ప్రోబ్ ఎప్పుడు మార్చాలో అంచనా మీద తేల్చుకునే అవసరం పోతుంది.

ఇంతకాలం ఈ విద్య ఎక్కడో ఉంది, మనకు కొత్త అనుకోనక్కర్లేదు. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు సారథ్యంలో 1967లో హైదరాబాద్‌లో మొదలైన ఈసీఐఎల్, దేశంలోని అణు విద్యుత్ కేంద్రాలకు కంట్రోల్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వ్యవస్థలు చేసిచ్చింది. న్యాల్‌కల్‌కు అది రెండు, మూడు గంటల దారి.

అయితే ఆరోగ్యంగా ఉన్న మీటరు తప్పు చోట ఉంటే ఏ డయాగ్నస్టిక్సూ కాపాడదు. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ ట్యాంకు నుంచి ఆవిరి లీకై 12 మంది చనిపోయారు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచింది అడుగుభాగంలో మాత్రమేనని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ తేల్చింది. పై పొరల్లో వేడి పెరుగుతుంటే అది చూసే కన్ను అక్కడ లేదు. పరికరం తన గురించి మాత్రమే చెప్పగలదు. ఎక్కడ పెట్టాలి, ఎన్ని పెట్టాలి అన్నది కెమిస్ట్రీ తెలిసిన మనిషి ముందే ఆలోచించాలి.

రెండో చిక్కు మరీ బాధపెడుతుంది. హార్ట్ ఉన్న పరికరాలు ప్లాంట్లలో లెక్కలేనన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటి మాట కంట్రోల్ రూముకు చేరదు, ఎందుకంటే అవతల పెట్టిన ఇన్‌పుట్ కార్డుకు కరెంటు కొలవడమే తెలుసు, అల చదవడం తెలియదు. టెక్నీషియన్ హ్యాండ్‌హెల్డ్ పట్టుకుని దగ్గరికి వెళ్తేనే లోపలి కబురు తెలుస్తుంది. అదీ చాలాచోట్ల పరికరం బిగించిన రోజు ఒకసారి జరుగుతుంది, అంతే. డబ్బుపెట్టి మాట నేర్పించి చెవి పెట్టలేదన్నమాట. కొన్నిచోట్ల చెవి పెట్టారు గానీ, ఆ కబుర్లన్నీ తీసుకెళ్లి ఆపరేటర్ అలారం తెర మీద పడేశారు. ఆపరేటర్‌కు కావాల్సింది ఎరుపు, పసుపు. నీలం వెళ్లాల్సింది మెయింటెనెన్స్ టేబుల్ మీదికి, రేపటి పని జాబితాలోకి.

న్యాల్‌కల్, ఝరాసంగంలో టెండర్లు రాసేవాళ్లకు ఇదంతా పెద్ద ఖర్చు కాదు. హార్ట్ చదవగల కార్డులు ఆర్డర్‌లోనే రాయించాలి, తర్వాత మార్చాలంటే ప్యానెల్ మొత్తం విప్పాలి. ప్రతి మీటరుకూ తెలివితేటలు కొననక్కర్లేదు. బాయిలర్ డ్రమ్, ప్రమాదకర ద్రవాల ట్యాంకులు, షట్‌డౌన్ వాల్వ్‌లు, పోతే ప్లాంటే ఆగిపోయే లూపులు, వీటితో మొదలుపెడితే చాలు. ప్లాంటు మొదలైన రోజునే ప్రతి వాల్వ్‌దీ తొలి గ్రాఫు తీసి దాచాలి. ఆ రోజు దాటితే కొత్తదనం ఎలా ఉండేదో చెప్పే సాక్ష్యం మళ్లీ దొరకదు.

ఇక చదివేవాళ్లు కావాలి. ఐటీఐల్లో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అనే ట్రేడ్ ఉంది. భూములిచ్చిన కుటుంబాల పిల్లలకు గేటు దగ్గర సెక్యూరిటీ ఉద్యోగమో, లోడింగ్ పనో ఇచ్చి మాట నిలబెట్టుకున్నామనడం నాకు న్యాయంగా అనిపించదు. రెండేళ్లు ఈ ట్రేడ్ చదివిన కుర్రాళ్లు, అమ్మాయిలు వాల్వ్ గ్రాఫు చూసి గ్లాండ్ బిగుసుకుందని చెప్పగలరు, ఇంపల్స్ లైన్‌ను ప్రాసెస్ ఆపకుండా వేరుచేసి శుభ్రం చేయగలరు. ఫ్యాక్టరీల నిర్మాణానికి ఏళ్లు పడుతుంది. ఈ ఏడాది జహీరాబాద్ చుట్టుపక్కల ఐటీఐల్లో ఒక బ్యాచ్ మొదలుపెడితే మొదటి బాయిలర్ వెలిగేనాటికి వాళ్లు చేతికందుతారు.