ఖాళీ గ్యాలరీల ముందు ఆట

మహమ్మారి కాలంలో వృత్తి ఫుట్‌బాల్‌ను పునఃప్రారంభించడం సమంజసమా అన్న ప్రశ్నను విచారించడానికి 2020 నవంబరు నాటి రెండు ఘట్టాలను పక్కపక్కన పెట్టి చూడటం ఉపకరిస్తుంది. ఆ నెల 7న, అప్పటి నెల్లూరు జిల్లాలోని శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ49 రాకెట్ ఈఓఎస్-01తో పాటు తొమ్మిది విదేశీ ఉపగ్రహాలను కక్ష్యలోకి చేర్చింది. లాక్‌డౌన్ తరువాత అక్కడ జరిగిన ఈ తొలి ప్రయోగానికి సందర్శకుల గ్యాలరీని మూసే ఉంచారు. 23న గోవాలోని బంబోలిమ్ మైదానంలో, ప్రేక్షకులు లేకుండానే, హైదరాబాద్ ఎఫ్‌సీ 1-0తో ఒడిశా ఎఫ్‌సీని ఓడించి ఇండియన్ సూపర్ లీగ్‌లో తన సీజన్‌ను ఆరంభించింది.

రాకెట్ కేంద్రంలో సిబ్బందిని తగ్గించి, మాస్కులతో, ఎడం పాటిస్తూ పని నడపవచ్చు గానీ, ఒకరినొకరు ఢీకొనకుండా సాగని ఫుట్‌బాల్‌లో అది అసాధ్యం. అందుకే ఆటగాళ్లను, శిక్షకులను, సహాయక సిబ్బందిని బయటివారితో కలవనీయకుండా హోటల్, మైదానాలకే పరిమితం చేసి, తరచూ పరీక్షలు జరిపే ‘బయో బబుల్’ అనే రక్షణ వలయాన్ని ఏర్పరచారు. పదకొండు జట్లనూ గోవాకే రప్పించి మూడు మైదానాల్లో ఆడించడంతో, హైదరాబాద్ జట్టుకు సొంత గచ్చిబౌలి మైదానం ఆ ఏడాది దూరమైంది. గ్యాలరీలు మూయడానికి బలమైన కారణమే ఉంది: 2020 ఫిబ్రవరి 19న మిలాన్‌లో బెర్గామో జట్టు అటలాంటాకూ, వాలెన్సియాకూ జరిగిన పోటీకి తరలివచ్చిన వేలాది అభిమానుల వల్ల బెర్గామో ప్రాంతంలో వ్యాధి విజృంభించి ఉంటుందని అక్కడి వైద్యులు అనుమానించారు. తరువాత జర్మనీ మే 16న ఖాళీ మైదానాల్లో లీగ్‌ను పునరుద్ధరించగా, ఫ్రాన్స్ తన సీజన్‌ను మధ్యలోనే ముగించింది.

వలయమూ అభేద్యం కాదు. 2021 డిసెంబరులో కోల్‌కతాలో వలయంలోనే కేసులు బయటపడటంతో మరో ఫుట్‌బాల్ పోటీ అయిన ఐ-లీగ్ ఆగిపోయి, తిరిగి మార్చిలో గానీ మొదలుకాలేదు. కనుక ఆటగాళ్ల క్షేమంతో పాటు మరొక కొలమానం కూడా అవసరం: లీగ్ వాడుకునే పరీక్షలు, అంబులెన్సులు, వైద్యులు సామాన్య రోగులకు అందవలసిన వాటిలోంచి వస్తున్నాయా? సెప్టెంబరు ఉద్ధృతి తగ్గిన 2020 నవంబరులో ఫుట్‌బాల్‌ను ఆరంభించడం సబబే. ఆక్సిజన్ అందక జనం అల్లాడిన 2021 ఏప్రిల్‌లో ఐపీఎల్ క్రికెట్‌ను మే 4 వరకు లాగడం ఏ విధంగానూ సబబు కాదు.

మరొక అన్యాయం చాలామంది కంట పడలేదు. ఖరీదైన వలయం సంపన్న లీగ్‌ను కాపాడింది గానీ, రాష్ట్ర జట్లు తలపడే సంతోష్ ట్రోఫీ తుది దశ 2022 ఏప్రిల్ వరకు జరగనే లేదు; ఆటనే నమ్ముకున్న చిన్న ఆటగాళ్లకు ఆ ఏళ్లు తిరిగి రావు. మరో మహమ్మారి వస్తే, పెద్ద లీగ్‌కు అనుమతి ఇచ్చేముందే దాని ఆదాయంలో కొంత కింది స్థాయి ఆటగాళ్ల జీవనానికి కేటాయించాలన్న నిబంధనను ప్రభుత్వం, ఫుట్‌బాల్ సమాఖ్య కలిసి విధించాలి.