పాత ప్లేటు విలువ మీకు తెలుసా?

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో పాత పాటలు విని, నారాయణగూడ, అశోక్‌నగర్ వైపు ఇళ్లకు వెళ్లేవారిలో కొందరి అటకల మీద ఇప్పటికీ గ్రామఫోను ప్లేట్లు ఉండవచ్చు. వాటిని పాత సామాన్లవాడికి వేసే ముందు ఈ సంగతులు చదవండి.

• పాత 78 ఆర్‌పీఎం ప్లేటు ప్లాస్టిక్ కాదు. లక్క పురుగు ఇచ్చే లక్కలో రాతిపొడి కలిపి చేసేవారు. అందుకే బరువెక్కువ, చేయి జారితే ముక్కలే. పది అంగుళాల ప్లేటుకు ఒక్కో వైపు సుమారు మూడు నిమిషాల పాటే పట్టేది.

• రెండో ప్రపంచ యుద్ధంలో లక్కకు కరువొచ్చింది. 1942లో అమెరికా రికార్డుల తయారీకి లక్క వాడకాన్ని బాగా తగ్గించింది. కొత్తవి చేయడానికి పాత ప్లేట్లను కరిగించారు. ఎన్నో అరుదైన రికార్డులు అలాగే పోయాయి.

• శంకరంబాడి సుందరాచారి ‘దీనబంధు’ (1942) సినిమా కోసం రాసిన ‘మా తెలుగు తల్లికి’ ఆ చిత్రంలో చేరలేదు. టంగుటూరి సూర్యకుమారి పాడిన గ్రామఫోను రికార్డే దాన్ని జనంలోకి తెచ్చింది. తర్వాత అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గీతమైంది.

• ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆయన పాడిన భగవద్గీత ఎల్పీ ఆ తర్వాతే విడుదలైంది. తెలుగువాళ్లు దాన్ని ఎంతగా గుండెకు హత్తుకున్నారో ఆయన చూడలేకపోయారు.

• పాశ్చాత్య దేశాల్లో 78లు మూలపడ్డాక కూడా, 1960లలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఫ్యాక్టరీ బీటిల్స్ పాటలను 78 ప్లేట్లుగా అచ్చు వేసింది. కరెంటు లేని ఇళ్లలో కీ తిప్పే గ్రామఫోన్లే ఉండటం అందుకు కారణం. వాటికోసం విదేశీ సేకర్తలు నేటికీ వెతుకుతున్నారు.

• హెవీ మెటల్‌కు ఆద్యులైన బ్లాక్ సబాత్ తొలి ఎల్పీని 1970 ఫిబ్రవరి 13న ఇంగ్లండులో వెర్టిగో సంస్థ విడుదల చేసింది. నలుపు తెలుపు సుడి బొమ్మ లేబులున్న తొలి ముద్రణ అంటే అభిమానులకు ప్రాణం. లేబుల్ చుట్టూ పాట లేని నున్నటి చోట చెక్కిన అంకెలను బట్టి ప్లేటు ఏ విడతదో పోల్చుకుంటారు.

• మన వి.ఎ.కె. రంగారావు చెన్నైలో ఉంటూ వేలాది 78 ప్లేట్లు సేకరించి లిమ్కా బుక్ ఆఫ్ రికార్డ్స్‌కెక్కారు. కంపెనీలు పారేసిన గొంతులను కూడా ఇలాంటి ప్రేమే మనకు మిగిల్చింది.

• 78 ప్లేటును స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరిగిపోతుంది. వినైల్ ప్లేటును ఎండలో ఉంచకండి, వంగిపోతుంది. దేన్నయినా ఒకదానిపై ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. మీకు అక్కర్లేకపోతే తూకానికి వేయకుండా, విలువ తెలిసిన సేకర్త చేతికివ్వండి. ఆ పాటకు మిగిలిన ఆఖరి ప్లేటు మీ ఇంట్లోదే కావచ్చు.