కరవు వెండిపై రాజముఖములు

శ్రీ సత్యసాయి జిల్లాలోని కొత్తచెరువునకు మేము వెళ్లినది వేరుసెనగ సాగును గూర్చి ప్రసంగమొకటి సిద్ధపరచుటకు. (2022 వరకు ఈ గ్రామము అనంతపురము జిల్లాలోనిది.) ఆ యేడు చినుకు పడక సాగు మాటయే లేకపోయెను. మేము దిగిన యింటి అవ్వ మాకు మజ్జిగ యిచ్చి, లోపలినుండి చిన్న గుడ్డమూట తెచ్చి చాపపై విప్పినది. అందు పదునొకండు వెండి నాణెములు. మరునాడు వానిని అగసాలికిచ్చి కరగింప నెంచినది. "వానల్లేని ఏడు మాకు కూడు పెట్టేది ఈ రాణమ్మే గదప్పా" అని ఒకదానిని మా చేతిలో నుంచినది. అది విక్టోరియా రూపాయి, సంవత్సరము 1862.

ఐరోపాలో పాత వెండి నాణెముల సేకరణ తీరిక గలవారి వేడుక. రాజుల ముఖములను, ఘటసర్పమును సంహరించు సెయింట్ జార్జి వంటి గాథల బొమ్మలను వారు వరుసగా పేర్చుకొని మురిసెదరు. రాయలసీమ పెట్టెలలోని వెండి అట్లు చేరినది కాదు. 1835లో కుంఫిణీ రాజ్యమంతటికి ఏకరూపముగ వచ్చిన రూపాయి బరువు 180 గ్రెయినులు, అనగా సరిగా ఒక తులము. పండ్రెండు పాళ్లలో పదునొకండు మేలిమి వెండి. నాణెమే తూకపురాయి యన్నమాట. 1893 వరకు ఎవరైనను వెండిని టంకశాల కిచ్చి రూపాయలు ముద్రింపించుకొన వీలుండెను. 1876-78 నాటి మహాక్షామమున పల్లెల కడియములు, మురుగులు బజారుకెక్కి, అచ్చటినుండి బొంబాయి టంకశాలకు చేరి రూపాయలైనవి. పంట పండిన యేడు రూపాయలే మరల కరగి కడియములయ్యెడివి.

1893లో ప్రభుత్వము ఆ ద్వారమును మూసివేసినది. అటుపిమ్మట వెండి ధర దిగినను నాణెము చెల్లుబడి నిలిచినది. నగగా దాచినవారికి నష్టము, నాణెముగా దాచినవారికి ధైర్యము. రూపాయలనే దండ గ్రుచ్చి మెడలో వేసికొనిన లంబాడీ స్త్రీల వాడుకను వింతగా చూచువారు ఈ సంగతి తెలిసికొనవలెను. 1940లో రూపాయిలోని వెండి సగమునకు తగ్గింపబడెను. అంతకు పూర్వపు రూపాయిపై పెద్దల మక్కువకు కారణమిదే.

ఇక బొమ్మల ముచ్చట. కుంఫిణీవారి ఆర్కాటు రూపాయిపై రాజముఖము లేదు, పార్సీ అక్షరములే. 1759లో హతుడైన మొగలు పాదుషా రెండవ ఆలంగీరు పేరు 19వ శతాబ్దిలో సైతము దానిపై చెల్లుచుండెను! జనులు నమ్మిన పేరును మార్చుటకు వర్తకులు జంకిరి. 1835 రూపాయిపై నాలుగవ విలియము ముఖము, 1840లో యువతియైన విక్టోరియా, 1862లో కిరీటధారిణియైన విక్టోరియా, 1877 నుండి ఆమెకే చక్రవర్తిని బిరుదము. 1903లో వచ్చిన ఏడవ ఎడ్వర్డు తలపై కిరీటము లేదు. అవ్వ అతనిని "బోడిరాజు" అన్నది. అమ్మవలసివచ్చిన మొదట బోడిరాజును, కడపట రాణమ్మను అమ్మునట! వెండి రెంటను సమానమేయని మేము చెప్పితిమి. ఆమె నవ్వి యూరకొన్నది.

ఆ నవ్వును తేలికగా తీసికొనరాదు. 1911లో ఐదవ జార్జి రూపాయి వచ్చినపుడు, ఆయన వస్త్రముపై చెక్కిన చిన్న ఏనుగు బొమ్మ తొండము పొట్టిదై పందివలె కనబడెను. మహమ్మదీయులు నొచ్చుకొనిరి. సుమారు 94 లక్షలు ముద్రింపగా బయటికి వచ్చినవి ఏడు లక్షలే. తక్కినవానిని కరగించి, 1912లో తొండము స్పష్టముగ నుండునట్లు బొమ్మను దిద్దిరి. చక్రవర్తి టంకశాల సైతము జనులు చూచిన బొమ్మకే లొంగవలసివచ్చెను.

మూటలోని పదునొకండింటిలో పదియే రూపాయలు. పదునొకండవది వెడల్పుగా, ఒకవైపు గోపురము, ఒకవైపు పద్మమునుండి వెలువడు విష్ణుమూర్తి గలిగియుండెను. ఏదో గుడి బిళ్లయని అవ్వ తలంపు. అది 1807-08 ప్రాంతమున మద్రాసు టంకశాలలో కుంఫిణీవారు వేసిన వెండి అరవరాహ. గోపురము చుట్టును ఇంగ్లీషు, పార్సీలు. స్వామి చుట్టును తెలుగు, తమిళములు. ఇట్టి నాణెములు కొన్ని స్పెయిను డాలర్లపైననే తిరిగి అచ్చొత్తబడినవి. ఆ డాలరుపై ఒకప్రక్క స్పెయిను రాజు, మరియొకప్రక్క గ్రీకుల వీరుడు హెర్క్యులిస్ సముద్రద్వారమున నాటెనని చెప్పు రెండు స్తంభములు. కొన్ని అరవరాహలపై ఆ పాతముద్ర జాడలు నేటికిని కానవచ్చును. 1818లో మద్రాసు రాజధానికి రూపాయియే ప్రమాణ నాణెము కాగా వరాహల కాలము ముగిసెను.

అది కరగిన మిగులునది రెండు తులములకు తక్కువ వెండి మాత్రమే. కరగింపవలదని మేము వేడితిమి. మీ యిండ్లలో నిట్టివి యున్నచో, అగసాలికిచ్చుటకు ముందు సంవత్సరమును, బొమ్మను చూడుడు. కొండి అతికింపరాదు; తోమరాదు. నలుపు దోషము కాదు. నూరేండ్లు దాటిన నాణెమును అనుమతి లేక విదేశములకు పంపుట 1972 నాటి చట్టము ననుసరించి నేరము. పొలమున దొరికిన నిధి పది రూపాయల విలువకు మించినచో కలెక్టరునకు తెలుపవలెను.

అవ్వ బోడిరాజులు నలుగురిని అమ్మినది. గోపురపు నాణెమును దేవుని గూటిలో పెట్టి, శుక్రవారము శుక్రవారము చింతపండుతో తోముచున్నదని తరువాత తెలిసినది.