మన యడవుల కణుజు

కొమ్ములున్న ప్రతి వన్యమృగమును నేటి బాలురు ‘జింక’ యందురు. అందు వారి దోషము లేదు. తెలంగాణము 2014లో రాష్ట్రజంతువుగా ప్రకటించిన జింక చుక్కలదుప్పి; ఆంధ్రప్రదేశ్ రాష్ట్రజంతువు కృష్ణజింక. పేరొక్కటియే, కుటుంబములు రెండు. కృష్ణజింక కొమ్మునకు లోన ఎముక, పైన మన గోటివంటి పదార్థపు తొడుగు. అది సహజముగా రాలదు. దుప్పి కొమ్ము కేవలము ఎముక. రాలి మరల మొలచును.

ఈ దుప్పుల కుటుంబమున మన దేశములో మిక్కిలి పెద్దది కణుజు. కడితి, సాంబరు అనియు దీనికి పేర్లు. దక్షిణదేశమున వేటాడిన ఆంగ్లేయులు దీనిని ‘ఎల్క్’ అనుచుండిరి. నిజమైన ఎల్క్ శీతలదేశముల మృగము.

ఏన్కూరునుండి కొత్తగూడెము మీదుగా భద్రాచలము వైపు సాగినచో తేకు, తునికి, ఇప్ప, వెదురు గల అడవులు కన్పట్టును. ఈ ప్రాంతమున 1977లో ఏర్పడిన కిన్నెరసాని అభయారణ్యము కణుజునకు ఆశ్రయము. దీని మేను ముదురు గోధుమవన్నె, చుక్కలుండవు. మగదాని బరువు రెండువందల కిలోలు మించును. సాధారణముగా కొమ్మునకు మూడేసి మొనలుండును. ఆడుదానికి కొమ్ములే లేవు. పగలు పొదలమాటున నుండి, మునిమాపున మేతకు వెడలును. పులి వాసన సోకినచో నేలను కాలితో తాటించి, తోకనెత్తి పెద్దగా కూయును. ఆ కూత అడవికంతకు హెచ్చరిక.

కణుజు ఎనిమిది మాసములు మోసి, సాధారణముగా ఒక్క పిల్లనే ఈనును. కావున తగ్గిన సంఖ్య త్వరగా పెరుగదు. 2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని ఆపదకు లోనగు జాతులలో చేర్చినది. అమెరికా తూర్పుభాగమున విస్తారముగా తిరిగిన ఎల్క్ ఉపజాతి, వేటవలనను అడవుల నరకుటవలనను 19వ శతాబ్దముననే అంతరించినది. తరువాత పశ్చిమమునుండి వేరు ఎల్కులను తెచ్చి విడిచిరి గాని, పోయినది తిరిగి రాలేదు.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము కణుజు వేటను నిషేధించినది. కాని అడవి యంచున పంటను పాడుచేయు పందికై కట్టిన విద్యుత్తీగకు పంది యేదో, కణుజేదో తెలియదు. చీకటిలో నడచు మనిషియు తెలియడు. రైతు నష్టము నిజమే. దానికి పరిహారము సకాలమున అందవలయును, తీగ తొలగవలయును. ఈ రెండు మాటలను కలిపి చెప్పగలవాడు ఊరి ఉపాధ్యాయుడు. ఏలయన, ఆ పొలముల వారి బిడ్డలే ఆయన తరగతిలో కూర్చున్నారు.